వేడినీళ్ళ బేరం

ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొసగక ఇద్దరిలో ఒకరం బడి మానేయాల్సి వచ్చింది. ఆయనకు జీతం ఉంది కాబట్టి నేనే మానేశాను. నానా పనులూ చేసి, చివరికి ఇందుకూరుపేట దగ్గర ఒక విదేశీ కంపెనీ వారి రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు ట్రేలు మోసే పనిలో కుదిరాను.

రొయ్యలు ఒలిచే హాల్లో అందరం ఒకటే వేషం. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, ఒంటికి తెల్లకోటు, కాళ్ళకు గంబూట్లు. కనపడేవి కళ్ళు మాత్రమే. పక్కన నిలబడింది ఎవరో తెలియక అత్త మీద చాడీలు అత్తకే చెప్పిన కోడలు ఒకామె మా హాల్లోనే ఉంది. ఆరేళ్ళుగా నన్ను రోజూ చూస్తున్న మేనేజరు గారు కూడా నా ముఖం చూడలేదు. నా గొంతు మాత్రం ఆయనకు బాగా తెలుసు. "నీ నోటికి ఒక మాస్కు చాలదయ్యా" అని ఎన్నిసార్లు అన్నాడో.

మా యూనియన్‌కు పెద్ద ఒక అక్క. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటుంది, మిగతా ఆరు రోజులూ రొయ్యలు ఒలుస్తుంది. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నాని ఆమె వేళ్ళు కొయ్యముక్కల్లా అయిపోయాయి. తినడానికి వేరుశనగ ఉండ తెచ్చుకుంటే ఆ కవరు ముడి విప్పడం నా వంతు. "రెండు గంటలకొకసారి పది నిమిషాలు వేడినీళ్ళలో చేతులు పెట్టుకోనిస్తే చాలబ్బయ్యా" అనేది. "ఈసారి ఒప్పందంలో అది రాకపోతే నేను పని మానేస్తా. ఈ చేతులతో ఇంకో మూడేళ్ళు నా వల్ల కాదు."

ఆమె ఊరికే అనే మనిషి కాదు.

మా కంపెనీకి నాయుడుపేటలో ఒకటి, గూడూరులో ఒకటి ఇంకా రెండు ఫ్యాక్టరీలున్నాయి. మూడింటికీ మూడు యూనియన్లు. మూడేళ్ళకొక ఒప్పందం. మూడు చోట్లా బేరానికి వచ్చేది ఈ మేనేజరు గారే. పోయినసారి వేడినీళ్ళు అడిగితే, "మిగతా రెండు చోట్లా వదులుకుని సంతకం పెట్టేశారు, మీరొక్కరే మిగిలారు" అన్నాడు. సరేనని పెట్టేశాం. ఆ తర్వాత గూడూరు యూనియన్ భాయ్ ఇంట్లో పెళ్ళికి అందరం కలిశాం. బిర్యానీ వడ్డించకముందే గొడవ మొదలైంది.

"ముందు మీరు పెట్టబట్టే గదా మేము పెట్టింది" అని అక్క.

"మేమా? మీరు పెట్టినారంటేనే గదక్కా మేము పెట్టింది" అని భాయ్.

నాయుడుపేట వాళ్ళదీ అదే మాట. తీరా తేదీలు చూసుకుంటే ముగ్గురం పెట్టింది ఒకే రోజు. ముగ్గురికి ముగ్గురం, మేమే ఆఖరు అనుకున్నాం. బిర్యానీ మాత్రం ఎవరూ వదులుకోలేదు.

ఆ విస్తర్ల ముందే ఒక మాట అనుకున్నాం. ఈసారి ఏ ఊళ్ళో బేరం జరిగినా, మిగతా రెండు ఊళ్ళ నుంచి ఒక్కొక్కరు పోయి పక్కన కూర్చోవాలి. మా తరఫున గూడూరు పోవడానికి అక్క నన్ను ఎంచింది.

"నన్నెందుకక్కా?"

"మేనేజరు నీ ముఖం చూడలేదు గనక. గొంతు వింటే మాత్రం పసిగట్టేస్తాడు. నోరు తెరవబాక." అంతటితో నమ్మకం కుదరక ఒక వేరుశనగ ఉండ చేతిలో పెట్టింది. "ఇది నోట్లో పెట్టుకో. కరిగిందాకా మాట్లాడబాక."

నన్ను మాట్లాడొద్దనడం కోడిని కూయొద్దనడమే. అయినా ఆమె వేళ్ళు గుర్తుకొచ్చి ఉండను బుగ్గన పెట్టుకున్నాను.

గూడూరులో బల్లకు ఇటు భాయ్, నాయుడుపేట మనిషి, నేను. అటు మేనేజరు గారు. కూర్చునేవాళ్ళ పేర్లూ ఊర్లూ రాసిన కాగితం భాయ్ ఆయన ముందు పెట్టాడు. ఆయన దాని మీద కళ్ళజోడు పెట్టాడే గాని కళ్ళు పెట్టలేదు. నన్ను చూసి, "పంటి నొప్పా?" అన్నాడు. తలూపాను. "లవంగం పెట్టుకోండి" అన్నాడు పాపం.

గంటసేపు కూర్చున్నాను. అంతసేపు నేను ఊరకుండటం నా పెళ్ళిలో కూడా జరగలేదు. చివరికి మేనేజరు గారు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"మీ మంచికే చెప్తున్నాను. ఇందుకూరుపేట వాళ్ళు నిన్న సాయంత్రం సంతకం పెట్టేశారు. వేడినీళ్ళ మాట వదులుకున్నారు. ఆ అక్కే ఒప్పుకుంది."

భాయ్ నా వైపు తిరిగాడు. ఉండ ఇంకా సగం ఉంది. కరకర నమిలి మింగేశాను.

"సార్, నిన్న సాయంత్రం మీరు మా హాల్లోకి వచ్చినారు. ఐసు ట్రే అడ్డముందని అరిచినారు. దాన్ని పక్కకు తీసింది నేనే. సంతకమైతే నాకు కనపడలా. ఐసు కింద ఏమన్నా పెట్టినారా?"

ఆయన మెల్లగా అరచెయ్యి ఎత్తి, దూరం నుంచే నా ముఖంలో కింది సగానికి అడ్డం పెట్టి చూశాడు. కళ్ళు మాత్రం మిగిలాయి.

"నువ్వా" అన్నాడు.

"నేనే సార్. పళ్ళు బాగానే ఉండాయి."

ముందు నవ్వింది భాయ్. ఆపుకుని ఆపుకుని ఆయనా నవ్వాడు. తర్వాత కళ్ళజోడు తీసి పెట్టుకుని ఆ కాగితం మొదటి నుంచి చదివాడు. "పైవాళ్ళు చెప్పమన్నదే చెప్పానయ్యా" అని బయటికి పోయి చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగొచ్చి, "ఇంక విడివిడిగా వద్దు, ముగ్గురూ నెల్లూరు రండి" అన్నాడు.

నెల్లూరులో మూడు యూనియన్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. పది నిమిషాలడిగితే ఎనిమిది వచ్చాయి. మూడు కాగితాల మీదా ముగ్గురూ ఒకరి ఎదుట ఒకరు సంతకాలు పెట్టారు. పెళ్ళిలో పడ్డ గొడవ గుర్తుకొచ్చి భాయ్ తేదీలు రెండుసార్లు సరిచూశాడు.

హాలు బయట వేడినీళ్ళ తొట్టి పెట్టిన మొదటి రోజు అక్క మాస్కు దించి, మోచేతుల దాకా ముంచి, కళ్ళు మూసుకుంది. ఎనిమిది నిమిషాలూ నేను జోకులు వేస్తూనే ఉన్నాను. ఆమె ఒక్కదానికీ నవ్వలేదు. గంట కొట్టాక చేతులు తుడుచుకుని, సంచిలోంచి వేరుశనగ ఉండల కవరు తీసింది. అలవాటుగా నేను చెయ్యి చాచాను.

"ఉండబ్బా" అంది.

ముడి గట్టిది. కొంచెం సేపు పట్టింది. అయినా తనే విప్పి, ఒక ఉండ తీసి నా నోట్లో పెట్టింది.

"ఇంక కాసేపు మమ్మల్ని పని చేసుకోనీ."