కౌజుపిట్ట కూత, చాచాకు చెప్పని మాట

పోయిన నెలలో అక్కను చూసి రావడానికి కర్నూలు నుంచి కోసిగి వెళ్ళాను. పొద్దున్నే అలవాటు కొద్దీ ఊరి వెలుపలి గుట్ట వైపు నడుస్తుంటే తంగేడు పొదలోంచి కౌజుపిట్ట కూత వినిపించింది. ఎన్నేళ్ళకు విన్నానని నిలబడిపోయాను గానీ, కాసేపటికి ఏదో తేడాగా తోచి గడియారం చూసుకున్నాను. సరిగ్గా పన్నెండు సెకన్లకొకసారి, ఎక్కడా ఊపిరి తడబడకుండా, అదే కూత. వంగి చూస్తే పొదలో అరచేయంత స్పీకరు, దాని చుట్టూ సన్నని వల. అవతల వేపచెట్టు నీడలో మోటారు సైకిలు మీద కూర్చున్న మనిషి చేత్తో నన్ను పక్కకు పొమ్మన్నాడు.

“ఆడ నిలబడొద్దు పెద్దాయనా, పిట్టలు బెదురుతాయి.”

ఈ కూత విని ఇంకెవరైనా పొద మీదికి తుపాకి పేలిస్తే ఎట్లా అని అడిగాను.

“పేలిస్తే పెట్టె పగులుతాది. నాకేమైతాదప్పా?” అని నవ్వాడు.

నేను వెనక్కి తిరిగాను.

తాలూకాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో నేను అక్కవాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. అడవి పిట్టను పడితే నేరమన్న ఆలోచన అప్పట్లో ఆ పల్లెల్లో ఎవరికీ లేదు. మా బావ దగ్గర వెదురు బోనులో మచ్చికైన మగ కౌజు ఒకటి ఉండేది. తెల్లవారేసరికి బోనును పొదలో పెట్టి, చుట్టూ గుర్రపు వెంట్రుకల ఉచ్చులు పన్ని, తాను వెనక బోర్లా పడుకునేవాడు. లోపలి పిట్ట కూస్తే, తన చోటులోకి ఎవడో వచ్చాడని అడవి కౌజు పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. తన ఇల్లు కాపాడుకోవడానికి వచ్చినదాన్ని మోసంతో పడుతున్నామన్న ఎరుక బావకు ఉండేది. అందుకే గుడ్లు పెట్టే నెలల్లో, పిట్ట బాగా పలికేది అప్పుడేనని తెలిసి కూడా, బోను బయటికి తీసేవాడు కాదు.

పక్కింటి చాచాది తుపాకి వేట. ఆయన కూతను బట్టి పొదల వెంట పోయేవాడు. అందువల్ల ముందురోజు సాయంత్రమే గుట్ట కింది వాగులూ వంకల్లో ఎవరు ఏ వంకకు పోతున్నారో ఒకరికొకరు చెప్పుకోవడం ఆ ఇద్దరి మధ్య కట్టుబాటు.

ఒక సాయంత్రం బావ, ఉత్తరపు వంకలో మేకల మందలు దిగాయి గనుక రేపు దక్షిణపు వంకకు పోతానని, ఆ మాట చాచాకు చెప్పమని నాతో అన్నాడు. చాచా ఇంకా ఇల్లు చేరలేదు. మరిచిపోతానేమోనని నేను ఆ సంగతి డైరీలో రాసుకున్నాను. ఏ పనైనా డైరీలోకి ఎక్కితే ముగిసినట్టే అనిపించే గుణం నాది. అన్నం తినేటప్పుడు బావ అడిగాడు.

“చాచాకు చెప్తివా?”

“ఆ, చెప్తి బావా” అన్నాను. అబద్ధమాడుతున్నానని కూడా అప్పుడు నాకు తెలియదు.

మరుసటి పొద్దున దక్షిణపు వంకలో కూత వినబడింది, పొద కదిలింది, చాచా కాల్చాడు. గుళ్ళు కొన్ని బావ ఎడమకంటికి తగిలాయి. చాచానే ఆయన్ను భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు. ఆదోని ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ కన్ను దక్కలేదు.

“నాకు ఎవురూ చెప్పలేదప్పా. చెప్పింటే ఆ పక్కకు పోతానా?” అని చాచా కనబడిన ప్రతివాడితోనూ అన్నాడు. ఎవరూ నమ్మలేదు. చెప్పినా మరిచిపోయి ఇప్పుడు బొంకుతున్నాడన్నారు. బావ కూడా అలాగే అనుకుని ఆయనతో మాట మానేశాడు. రేపు చెబుదాం, కట్టు విప్పాక చెబుదాం అనుకుంటూనే నాకు బదిలీ వచ్చింది. డైరీలో ఆనాటి పేజీకి రెండు వైపులా ప్రమాదం గురించి రాశాను, నా తప్పు గురించి ఒక్క వాక్యం రాయలేదు. చాచా తుపాకి మళ్ళీ పట్టలేదు. ఆయన పోయినప్పుడు బావ గడప దాటలేదని అక్క జాబు రాసింది.

గుట్ట నుంచి తిరిగి వచ్చేసరికి బావ మంచం మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్నాడు. స్పీకరు సంగతి చెప్పాను.

“పన్నెండు సెకన్లకా? మన పిట్ట అలిగితే రెండు దినాలు నోరే తెరిచేది కాదు గదప్పా” అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఇక దాచుకునే శక్తి లేకపోయింది. అంతా చెప్పేశాను. ఆయన వలవడం ఆపలేదు. చేటలో గింజలు నిండాక మంచి కన్ను నా వైపు తిప్పాడు.

“చాచాకు చెప్తివా?”

అదే మాట, ఇంచుమించు అదే గొంతు.

ఇప్పుడు కూత వెనక మనిషి ఉండడు. గుడ్ల నెలలని ఆగనక్కరలేదు, ముందురోజు ఎవరికీ చెప్పుకోనక్కరలేదు, కన్ను పోయే భయమూ లేదు. మోసం ఇంత సులువైపోయిందే అని దిగులు పడదామనుకుంటాను. కానీ చెప్పి తీరాలన్న కట్టుబాటు ఉన్న రోజుల్లోనే కదా, నేను చెప్పకుండా ఊరుకున్నది.