దండారీ వెంట మేమూ అతిథులమే

దీపావళి రోజుల్లో గోండుల దండారీ ఆటను వీడియో తీయడానికి మేం ముగ్గురం కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వైపు వెళ్లాం. ఒక ఊరి ఆటగాళ్లు డప్పులతో ఇంకో ఊరికి వెళ్లి, ఆడిపాడి, ఆ రాత్రికి అక్కడే ఉంటారు. వాళ్ల వెనకే మేమూ నడిచాం.

కెమెరా నిలబెడుతుంటే ఆ ఊరి పెద్దమనిషి భార్య భీంబాయి నా చెయ్యి పట్టుకుంది.

"దండారీ ఎంబడి వచ్చినోళ్లు చూసుకుంట కూసుంటరా? ఆడుండ్రి!"

"పొద్దు గూకుతుందమ్మా, మా పని ఆగమైతది."

"గది దానంతటదే తియ్యదా?" అని కెమెరాను చూపించింది.

దాన్ని స్టాండు మీద నడవనిచ్చి ఆటలోకి దిగాం. అడుగు తప్పినప్పుడల్లా ఊరంతా నవ్వింది. మేమూ నవ్వాం.

తెల్లారి బయల్దేరుతుంటే ఆమె అడిగింది. "గీ ఏడు మీరొచ్చిన్రు. వచ్చే ఏడు మేం రావాలె గద? మీ ఇంట్ల జాగ ఉందా?"

పరాచికం అనుకున్నాను. కాదట, అతిథులై వచ్చినవాళ్ల ఊరికి తామూ అతిథులై వెళ్లడం అక్కడి మర్యాదట.

"తప్పకుండ రాండ్రి" అన్నాను.

దారిలో మా అవ్వకు ఫోన్ చేసి, వచ్చే దీపావళికి ఓ ఊరు ఊరే మనింటికి వస్తుందని చెప్పాను.

అవ్వ అక్కడికక్కడే లెక్క వేసింది.

"డాబా మీద పండుకుంటరు తియ్, ఫికర్ లేదు. గని బిడ్డా, డప్పులు తెమ్మన్నవా?"