రెండు గంటలకోసారి

ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్న ఆమెను వార్డంతా అక్క అనే పిలుస్తుంది. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఆ వేళ ఆమెకు గడియారం చూడకుండానే తెలుస్తుంది.

నయంకాని రోగి కోరితే, ప్రాణం విడవడానికి డాక్టరు సాయం చేయవచ్చా? తేబోతున్న కొత్త చట్టంపై ఆ మధ్యాహ్నం ఆసుపత్రి హాల్లో చర్చ పెట్టి, ఆమెనూ ముందు వరుస చివర కూర్చోబెట్టారు. ప్రాణం పవిత్రమని ఒకాయన, చావు హక్కని ఇంకొకాయన ఊకదంపుడు మొదలుపెట్టారు. పై అంతస్తు వార్డులో ఉన్న, ఎముకలకు క్యాన్సర్ పాకిన డ్రాయింగు మాస్టారు, “వాళ్లలో ఒక్కరైనా వచ్చి నన్నడుగుతారేమో చూడమ్మా” అని పొద్దున్నే చెప్పి పంపారు. అది తలుచుకున్న కొద్దీ ఆమెకు ఒళ్లు మండింది.

చివరికి సభాధ్యక్షుడు ఆమెకు మైకు ఇప్పించాడు. “చెప్పమ్మా, నువ్వు ఒప్పుకుంటావా, లేదా?”

“నా సంగతెందుకండీ. మెత్తటి కుర్చీలో కూర్చుని కూడా మీరు పన్నెండుసార్లు కాలు మీద కాలు మార్చారు, నేను లెక్కపెట్టాను. పైన మాస్టారు తనంతట తాను ఒక్కసారి కదల్లేరు. నోరు మాత్రం బాగానే ఉంది. మెట్లెక్కి ఆయన్నే అడగండి.”

“రోగుల్ని అడగడం ఈ సభ పరిధిలోకి రాదమ్మా” అన్నాడు అధ్యక్షుడు, కాలు మీద కాలు మార్చి వేసుకుంటూ.

“పదమూడు” అంది ఆమె. మైకు బల్ల మీద పెట్టి, మాస్టారిని పక్కకు తిప్పడానికి మెట్లెక్కింది.