చావులేనివాడికి కుడివైపు కుట్టు

మూడు వందల ఏళ్ల ప్రేమ, నెత్తురు, శాపం, కొండమీద పాడుబడ్డ బంగళా, వీటన్నిటి మీదా ఒక మహాగాథ చెప్పబోతున్నాను. అలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందనిపించింది గానీ, నిజానికి చెప్పబోయేది ఒక పుస్తకానికి కుట్టు ఏ పక్క పడిందన్న సంగతి. మొన్న సంతోష్‌నగర్‌లో అక్క ఇంటికి వెళితే మా మేనకోడలు ఫోనులో కథ చదువుతూ కళ్లు తుడుచుకుంటోంది. ఎవరు పోయారని అడిగితే, పోవడం కాదట, చావులేని కుర్రాడొకడు కాలేజీ పిల్లను ప్రేమించి ఆమె మంచికోసమే వదిలి వెళ్లాడట. నాకు నవ్వొచ్చింది, అక్కకు రాలేదు. వాడు మాకు పాత చుట్టం.

తొంభైల చివర, లాల్‌దర్వాజాలో మా పై వాటాలో అద్దెకున్న ఆంటీ కొనే వారపత్రికలో సరిగ్గా ఇలాంటి సీరియల్ వచ్చేది. ఇంటర్ చదివే అక్క, ఆంటీ చదివేశాక ఆ కాగితాలు జాగ్రత్తగా చింపి తెచ్చి బియ్యం డబ్బా వెనుక దాచుకునేది. నేను ఎగతాళి చేస్తూనే అక్క కంటే ముందు చదివేవాడిని. ఎగతాళికి కావలసినంత ఉంది మరి. నెత్తురు తాగుతూ మూడు వందల ఏళ్లు బతికినవాడు డిగ్రీ ఫస్టియర్ దాటలేదు. ఎండ తగిలితే బూడిదవుతాడు, అయినా కాలేజీకి పొద్దున తొమ్మిదింటికే వచ్చేవాడు. ఆ పిల్ల వారానికోసారి కాలుజారి పడేది, వాడు పట్టుకునేవాడు. ఆమె కిటికీ కింద గంటల తరబడి నిలబడేవాడు. మా గల్లీలో ఆరు నిమిషాలు నిలబడితే నలుగురు ఆడవాళ్లు చేరి, ఎవరింటికొచ్చినవ్ బిడ్డా అని అడిగి, చాయ్ తాగించి, తండ్రి పేరు కనుక్కుని గానీ వదలరు. అయినా బుధవారం వస్తే మెట్ల మీద ఆంటీ చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది నేనే.

ఆ ఏడు బోనాలకు ఇంటికి సున్నం వేయించాలని బాపు అనుకున్నాడు. పాల వ్యాపారం చేసే బాపుకు ఒక నియమం ఉండేది: అట్టవేసి కుట్టింది సరస్వతి, విడికాగితం రద్దీ, అంటే చిత్తు. సరస్వతిని ఇల్లు దాటనివ్వడు, రద్దీని ఇంట్లో ఉంచడు. ఆదివారం పాత కాగితాలు కొనే రద్దీవాలా వస్తాడు. ఏడాదిన్నర కూడబెట్టుకున్న కాగితాలు పోతాయని అక్కకు అన్నం సయించలేదు. గురువారం ఆ కట్ట నా చేతిలో పెట్టి, శనివారానికి పుస్తకమై రావాలంది.

ఛత్తాబజార్‌లో ఉర్దూ కితాబులు కట్టే చాచా సూదికి దారం ఎక్కిస్తూ, "కౌన్సే బాజూ సే సీనా బేటా?" అని, ఏ పక్క కుట్టాలో అడిగాడు. నా కళ్లు ఎదురు కొట్లో వేగుతున్న సమోసాల మీదున్నాయి. "హమేషా కర్తే నా, వైసాచ్ కరో చాచా," అన్నాను. ఆయన ఎప్పటిలాగే చేశాడు. ఉర్దూ పుస్తకానికి వేసినట్టు కుట్టు కుడివైపు వేశాడు. పేజీ తిప్పితే రెండోది కుడిచేతివైపు, మూడోది ఎడమచేతివైపు. తెలుగువాడి కన్ను ముందు ఎడమకే పోతుంది గనుక, పుస్తకమంతా ఫలితం ముందు, కారణం తర్వాత.

అక్క తెరిచి చూసి ఏడుపందుకునే లోపే బాపు పుస్తకం అందుకున్నాడు. అట్ట తట్టి చూసి, మధ్యలో తెరిచి, చదవడం మొదలుపెట్టాడు.

"ఏందే గిది? ఈ పక్క సచ్చిండు, ఆ పక్క నవ్వుకుంట కూసున్నడు."

అక్క నావైపు చూసిన చూపుకు బూడిద కావాల్సింది నేను. "వానికి సావు లేదు బాపు," అంది.

"గట్ల చెప్పు మరి," అని బాపు ఇంకో పేజీ తిప్పాడు. బర్రెలు అరిచేదాకా చదివి, లేస్తూ, "గంత నెత్తురెందుకే వానికి, రెండు పూటల పాలు తాగితె సాలదా," అంటూ పుస్తకాన్ని కళ్లకద్దుకుని దేవుడి అలమారలో పెట్టాడు.

తర్వాత గల్లీలో ఆడపిల్లలంతా దాన్ని చదివారు. వరస తప్పిందని ఒక్కరూ అనలేదు. "ఏమైతదో ముందే చెప్పి, ఎందుకైందో ఎనక చెప్తుండు, మస్తు రాసిండు," అని ఒకామె మెచ్చుకుంది కూడా. ఏ పక్క నుంచి చదివినా సాగిపోతాయి; ఆ కథల లోపం అదే, సుఖమూ అదే.

మేనకోడలి ఫోనులో పేజీలు తారుమారు కావు, వారమంతా ఎదురుచూడక్కర్లేదు. కాకపోతే అది ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది; మేం గల్లీ అంతా వంతులు వేసుకుని ఏడ్చాం. అక్క లోపలికి వెళ్లి ఆ పుస్తకం తెచ్చి దాని ఒళ్లో పెట్టింది. తెరిస్తే బొమ్మల్లో చావులేనివాడి గుండె దగ్గర సన్నటి చిల్లులు, పేజీ తర్వాత పేజీ. మైదా జిగురుతో అతికిన పుస్తకానికి పురుగు పడుతుంది. ఆరు నెలలకోసారి ఎండలో పెట్టాలి.