రాజుగారి పాటకు లేచినవాళ్ళు

దోహాలో ఒక ఇంగ్లీషు మేనేజరు పాడుతున్న రాజుగారి పాటను సగంలో ఆపించిన మొనగాణ్ణి నేను. తొంభైల్లో, కంపెనీ విందులో జరిగిందిది.

పద్దెనిమిదో శతాబ్దంలో, ఫ్రాన్సుతో యుద్ధాలప్పుడు, లండన్ నాటకశాలల్లో జనం ఇలాంటి రాజభక్తి పాటలు పాడేవారట. లేవనివాడి టోపీ ఎగరగొట్టేవారట. ఆ సంగతి గర్వంగా చెప్పి మా మేనేజరు, అప్పట్లో రాణి ఉన్నా, పాతకాలం మాటలతోనే 'దేవుడు రాజును కాపాడుగాక' అనే పాట ఎత్తుకున్నాడు. తీరా చూస్తే అది మా గోదావరి చర్చిలో, తెలుగు మాటలతో, నిలబడి పాడుకునే కీర్తన రాగమే! అలవాటుకొద్దీ మావాళ్ళంతా లేచారు.

"చూశారా, మా రాజరికమంటే ఇండియన్లకు ఇంకా ఎంత భక్తో!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మావాళ్ళు లేచింది దేవుడి కోసం. ఆ మర్యాదను ఈయన తన రాజరికానికి కట్టబెడతాడా?

"ఆపవయ్యా!" అని గర్జించాను.

సరే, నిజం చెబుతాను. గర్జించింది ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా ఇంటికి తిరిగి వస్తూ, కారులో, తెలుగులో. విందులో మాత్రం లేవకుండా కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

ఇది చదివి, ఆ విందులో నా పక్కనే ఉన్న మా ఆవిడ అంది: "కూర్చున్నారా? అందరికంటే ముందు లేచిందే మీరు. తెలుగులో గొంతు కలిపిందీ మీరే. ఆయన నిజంగానే సగంలో ఆపాడండీ, మీ పాట విని మురిసిపోయి!"