తలనూనె తేలిన సరస్సు

మాది కాలిఫోర్నియాలో సన్నీవేల్. పోయిన వేసవిలో మా తెలుగు చర్చివాళ్లు సియెర్రా కొండల మీద సరస్సులో నాకు బాప్తిస్మం ఇద్దామన్నారు. తీరా వెళ్తే అక్కడ అంతరించిపోతున్న కప్పలున్నాయి, నీళ్లలోకి దిగొద్దని బోర్డు ఉంది.

"కప్పలకేమవుతుందమ్మా, దిగు" అన్నారు పాస్టర్ గారు.

అవి మంచు కరిగిన నీళ్లు. ముంచి లేపగానే నాకు ఊపిరి అందలేదు. ఒడ్డున పాట ఆగిపోయింది. లాక్కొచ్చి పడుకోబెట్టాక ఎప్పటికో ఊపిరి ఆడింది.

అప్పుడు చూశాను. పొద్దున నేను తలకు పట్టించిన కొబ్బరినూనె చలికి తెల్లగా పేరుకుని, గట్టు పక్కన కప్పల వైపు మెల్లగా పోతోంది.

బోర్డు చదువుతున్న మా అమ్మాయి అంది: "అవి స్కిన్‌తో బ్రీత్ చేస్తాయంట, మమ్మీ!"

నన్ను లాగడానికి అందరూ ఉన్నారు. ఆ నూనెను వెనక్కి లాగేవాళ్లు ఎవరూ లేరు.