బాలరాజు నీళ్ళు పోయమన్న రాయి

బాలరాజు బతుకంతా రాళ్ళతోనే గడిచింది. పోనీ, పని మానేశాక అయినా ఆ రాళ్ళు ఆయన్ని వదిలిపెట్టాయా అంటే అదీ లేదు. పొడిపొడిగా లోపలికి పోయి ఛాతీలో తిష్ఠ వేసుకున్నాయి. పట్నం దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి తెల్లటి మచ్చలు చూపించి, "ఇదంతా రాతిపొడి. దీన్ని కడిగే మందు లేదమ్మా" అన్నాడు. ఆయన భార్య ఏసమ్మ ఆ ఫిల్మును ఇంటికి తెచ్చి ఇనప్పెట్టె అడుగున దాచింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

వడ్డేపల్లికి కాస్త దూరంలో ఒక ఊరు, ఆ ఊళ్ళో చర్చి వెనక వీధి, వీధి చివర రెండు గదుల రేకుల ఇల్లు. బాలరాజు ఆ ఇంట్లో ఉన్నది తక్కువ. మీసాలు రాకముందే మేస్త్రీ వెంట లారీ ఎక్కాడు. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడ, ఎక్కడ కొండకు బొక్క కొడితే అక్కడ. సొరంగాల్లో డ్రిల్లు పట్టేవాడు. ఆ డ్రిల్లుకు ఒక పైపు ఉంటుంది. అందులోంచి నీళ్ళు పారుతూ ఉంటే రాతిపొడి బురదై కిందికి జారుతుంది. నీళ్ళు లేకపోతే పొగలా లేచి మనిషి ముక్కులోకి పోతుంది. నీళ్ళు పెడితే పని వెనకబడుతుందని కాంట్రాక్టరు ఆ పైపు కట్టేయించాడు. ఆ మహానుభావుడి ఊపిరితిత్తులు ఈపాటికి కులాసాగానే ఉండి ఉంటాయి. బాలరాజు, ఆయన జట్టువాళ్ళు మాత్రం సాయంత్రం పిండిమరలోంచి వచ్చినవాళ్ళలా తెల్లగా బయటికి వచ్చి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. ఆ నవ్విన వాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఈయన ఒక్కడే.

ఇంటికి వచ్చి మంచం పట్టాక బాలరాజుకు నీళ్ళ పిచ్చి పట్టుకుంది. ఏసమ్మ వాకిలి ఊడవబోతే "ముందుగాల నీళ్ళు చల్లు" అనేవాడు. పొయ్యిలో బూడిద తీయబోతే అదే మాట. పక్కింటి జమ్ములమ్మ కందులు చెరగడానికి చేట పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే, మంచం మీంచే చేయి ఊపి అవతలికి పొమ్మనేవాడు. వీధి వీధంతా ఆయనకు నీళ్ళ బాలరాజు అని పేరు పెట్టింది. ఏసమ్మకు ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. కానీ ఎవరితో పోట్లాడుతుంది? పొద్దున లేస్తే ఆ వీధి ఆడవాళ్ళతోనే సీడు పత్తి చేలకు పోవాలి, వాళ్ళ పక్కనే నిలబడి, విత్తనం పట్టడానికి పువ్వుకు పువ్వు రుద్దాలి.

ఆ రోజు ఆయనకు ఆయాసం ఎక్కువగా ఉందని ఆమె కూలికి పోలేదు. వానలు ఇంకా వెనక్కి పోని రోజులు. మధ్యాహ్నం ఎండ చిటచిటలాడుతోంది. ఉన్నట్టుండి ఆకాశం బద్దలైనట్టు చప్పుడైంది. రేకులు అదిరాయి. ఎప్పుడో చెవులు మందగించిన బాలరాజు కూడా మంచం మీద లేచి కూర్చుని, "బ్లాస్టింగ్ చేస్తుండ్రు! ఎక్కడనే?" అన్నాడు. ఏసమ్మ పెరట్లోకి పరుగెత్తేసరికి, ఆనపపాదు పక్కన బూడిదకుప్పలో దభీమని ఏదో పడింది.

రాయే. దోసిట్లో పట్టేంత నల్లటి రాయి, పడుతూనే రెండు ముక్కలైంది. కాలిన మట్టిపెళ్ళలా ఉంది, కిరసనాయిలు లాంటి వాసన వేస్తోంది. ఏసమ్మ వంగి చేయి చాపింది. బాలరాజు గోడ పట్టుకుని గుమ్మం దాకా ఎట్లా వచ్చాడో, లేని ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు.

"ముట్టకు! ఏసమ్మా, ముట్టకే! ముందుగాల నీళ్ళు పోయ్!"

అంత గట్టిగా ఆయన అరవగా ఆమె విని ఏళ్ళయింది. బట్టలు నానబెట్టే బకెట్టు తెచ్చి, బరువే లేని ఆ ముక్కల్ని కట్టెపుల్లతో అందులోకి దొర్లించింది. చుట్టూ రాలిన పెచ్చుల్ని కూడా ఊడ్చి వేసి, బకెట్టు నిండా నీళ్ళు పోసింది. బుసబుసమని బుడగలు వచ్చాయి. "సల్లారుతున్నది, సల్లారనీ" అన్నాడు బాలరాజు, గుమ్మానికి ఆనుకుని. ఆమె ఆయన్ని పట్టుకుని మంచం మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత చాలాసేపు దగ్గుతూనే ఉన్నాడు.

పొద్దు వాలేటప్పుడు వెళ్ళి చూస్తే బకెట్టులో రాయి లేదు. అడుగున నల్లటి బురద. పుల్లతో కెలికి చూసింది, చేయి పెట్టి వెతికింది. ఎక్కడి రాయి? వచ్చి చెబితే బాలరాజు ముఖం వెలిగిపోయింది.

"సూసినవా! గది రాయి గాదు, అంత దుమ్మే. నీళ్ళు పోయకుంటే నీ ముక్కులకే పోతుండె. నా లెక్కనే నువ్వు గూడ మంచం పడుతుంటివి."

పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ని అంత గర్వంగా ఆమె చూడలేదు. ఎన్ని కొండలు తొలిచినా, ఎన్ని ఆనకట్టలు కట్టినా, ఇది నేను చేశాను అని ఆయన చెప్పుకున్నది ఒక్కటీ లేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే కథ: పైనుంచి దుమ్మురాయి పడ్డది, నేను ఆపిన, మా ఏసమ్మకు ఏం గాలేదు. విన్నవాళ్ళు ఎదురుగా తలాడించి, వీధిలోకి వెళ్ళి నవ్వుకున్నారు. ఏసమ్మ మాత్రం నవ్వలేదు. బురద నీళ్ళు ఆనపపాదులో పారబోసి, బకెట్టు తోముకుంది.

ఆ తర్వాత రెండు వానలు పడ్డాయి. ఆకాశంలో పొగచార గీసుకుంటూ పోయిన వెలుగును ఎవరో ఫోనులో తీశారట, అది ఊరూరా తిరిగింది. ఒక ఉదయం బడి పంతులు తిరుపతి సారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు సుహాసిని. హైదరాబాదులో తోకచుక్కల మీద, ఆకాశం నుంచి పడే రాళ్ళ మీద చదువు చదువుతోందట. ఎండకు ముఖం కమిలిపోయింది, చెప్పులకు చేల మట్టి అంటుకుని ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికినా ఒక్క రాతిముక్క కూడా దొరకలేదంది. ఏసమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి చోటు చూపించింది. రంగు, వాసన, బరువు లేకపోవడం అన్నీ చెప్పింది. వింటున్నకొద్దీ ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, రాయి ఎక్కడుంది?"

"నీళ్ళల్ల ఏసిన మేడం. కరిగిపోయింది."

సుహాసిని ఆనపపాదు దగ్గరే కూలబడింది. ఎవరికి చెబుతోందో తెలియనట్టు చెప్పింది. భూమి పుట్టకముందు తేలిన దుమ్ము, కాస్త మట్టి, కాస్త ఉప్పు, కాస్త మసి కలిసి ముద్దయిన రాయి అది. ఇట్లాంటివి లోకం మొత్తం మీద పట్టుమని పది దొరకలేదు. అన్ని కోట్ల ఏళ్ళు చెక్కుచెదరకుండా తిరిగిన రాయి మన నీళ్ళు తగిలితే చాలు, విడిపోతుంది.

"వేడిగా కూడా ఉండదమ్మా. పైపైన మాడుతుందంతే, లోపల చల్లగా ఉంటుంది. ఒక గుడ్డలో చుట్టి పొడిగా పెట్టి ఉంటే చాలు. నీళ్ళు ఒక్కటే... నీళ్ళు ఒక్కటే పోయకూడదు."

ఏసమ్మ గుండెలో రాయి పడింది. ఆమెకు లోకం పుట్టుక సంగతి పట్టలేదు. గోడకు అవతల మంచం మీద పడుకున్న మనిషి గుర్తొచ్చాడు. నీళ్ళు కావలసిన చోట చుక్క రాలేదు. అక్కర్లేని చోట బకెట్టు నిండా పోశారు. రెండు చోట్లా నష్టపోయింది ఆ ఒక్క మనిషేనా? దేవుడి మీద కూడా ఆమెకు ఆ క్షణంలో కోపం వచ్చింది, ఆదివారం చర్చిలో క్షమాపణ అడుగుదామనుకుంది గాని అడగలేదు.

ఆమె సుహాసిని చేయి పట్టుకుంది. "మేడం, జర గీ మాట ఆయనతోని అనకుండ్రి. నన్ను కాపాడిన అనుకుంటుండు. గదొక్కటే ఉన్నది ఆయనకు."

తిరుపతి సారు తల తిప్పుకున్నాడు. సుహాసిని కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. బాలరాజు మంచం పక్కన నేల మీదే కూర్చుని, ఎట్లా పడిందో మొదటి నుంచీ చెప్పమంది, ఫోనులో రికార్డు చేసుకుంది. ఆయన దగ్గుకూ దగ్గుకూ నడుమ చెప్పాడు, పైపు కట్టేసిన సొరంగం దగ్గర మొదలుపెట్టి. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

చివర్లో ఆయన అడిగాడు. "నీళ్ళు పోయకుంటే ఏమైతుండె బిడ్డా?"

గుమ్మంలో నిలబడిన ఏసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుహాసిని ఆయన వంక చూసింది. ఎగిరెగిరి పడుతున్న ఆ ఛాతీని చూసింది.

"దుమ్ము లేచేది, పెద్దయ్యా" అంది.

"గదే నేను జెప్తున్న" అని బాలరాజు కళ్ళు మూసుకున్నాడు.

సుహాసిని ఆ బకెట్టునూ, పాదు మొదట్లో మట్టినీ తీసుకుని, బదులుగా కొత్త బకెట్టు కొనిచ్చి వెళ్ళింది. కొన్ని వారాలకు ఫోను చేసింది. మట్టిలో నలుసంత ఆనవాలు దొరికిందనీ, అది ఆకాశం నుంచి వచ్చిందేననీ, కానీ వాననీళ్ళు, సబ్బు, బూడిద కలిసిపోవడంతో అంతకుమించి ఏమీ తేల్చలేమనీ చెప్పింది. పెద్దయ్య ఎట్లా ఉన్నాడని అడిగింది. ఆయన అన్నం మానేసిన సంగతి ఏసమ్మ చెప్పలేదు.

"ఏమన్నదే?" అన్నాడు బాలరాజు మంచం మీంచి.

"పైనుంచి వచ్చిందేనట. నువ్వు జెప్పింది నిజమట."

"దుమ్మేనా?"

"దుమ్మేనట. శానా పాత దుమ్మట."

ఆయన నవ్వాడు. నవ్వుకు దగ్గు వచ్చింది, ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

క్రిస్మస్ దాటాక, పత్తికట్టె పీకే రోజుల్లో, బాలరాజు పోయాడు. ఊపిరి కోసం పెనుగులాడి పెనుగులాడి, ఒక పొద్దుటి పూట ఆ పెనుగులాట మానేశాడు. వానలు పోయి చాలా కాలమైంది, నేల పొడిబారి పిండిలా ఉంది. ఊరవతల గుంత తవ్వుతుంటే పలుగు దెబ్బకల్లా మట్టి పొగలా లేచింది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టె దించారు. నవ్వినవాళ్ళూ, నవ్వనివాళ్ళూ వీధంతా వచ్చి నిలబడ్డారు. గుంత తవ్విన యోసేపు పార ఎత్తి మొదటి మట్టి వేయబోయాడు.

"ఆగుండ్రి" అంది ఏసమ్మ.

అంతవరకూ ఆమె కంట చుక్క లేదు. అందరూ ఆమె వంక తిరిగారు. ఆమె మట్టికుప్ప వైపు చేయి చూపించింది.

"ముందుగాల నీళ్ళు పోయుండ్రి."

ఎవరూ నవ్వలేదు. తాను పెద్దమనిషినని కూడా చూసుకోకుండా తిరుపతి సారు బోరు దగ్గరికి పరుగెత్తాడు. జమ్ములమ్మ బిందె తెచ్చింది. ఏసమ్మ ఇంటికి పోయి కొత్త బకెట్టు నిండా నీళ్ళు మోసుకొచ్చింది. కుప్ప చుట్టూ తిరుగుతూ పోసింది, ఇంకా పొడిగా ఉన్న చోట చేత్తో చల్లింది. మట్టి నల్లబడి ముద్దయ్యేదాకా ఎవరినీ పార ముట్టుకోనివ్వలేదు. ముద్దయ్యాక ఒక పిడికెడు తీసి గట్టిగా ఊదింది. ఏమీ లేవలేదు.

"ఇగ కప్పుండ్రి" అని, అప్పుడు ఏడ్చింది.